ఆ ఎనిమిది రోజులు తోమా ఎక్కడున్నాడు?

తోమా పేరు చెప్పగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది అనుమానం. ఈస్టరు అయిన మరుసటి ఆదివారం ఎన్నో సంఘాల్లో అతని మీద ప్రసంగం వినిపిస్తుంది. ఆ ప్రసంగం చాలాసార్లు తోమాలా ఉండవద్దనే హెచ్చరికతోనే ముగుస్తుంది. పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకాడు, అయినా ఆ బొంకు అతనికి ఇంటిపేరు కాలేదు. గెత్సేమనేలో శిష్యులందరూ ఆయనను విడిచి పారిపోయారు, వాళ్లకూ ఏ మచ్చా మిగల్లేదు. తోమాను మాత్రం ఒక్క సాయంత్రం అన్న మాట ఇప్పటికీ వెంటాడుతోంది. యూదయలో తనను రాళ్లతో కొట్టజూసినవారి మధ్యకే ప్రభువు మళ్లీ బయలుదేరినప్పుడు, ఆయనతో కూడ చావడానికైనా వెళ్దామని తోటి శిష్యులను కదిలించింది ఈ తోమాయే (యోహాను 11:16). ఆ మాటను ఎవరూ అంతగా గుర్తు చేసుకోరు.

యోహాను సువార్త 20వ అధ్యాయాన్ని మనం సాధారణంగా రెండు దృశ్యాలుగా చదువుతాం. మొదటిది పునరుత్థాన దినాన సాయంకాలం. శిష్యులు భయపడి తలుపులు మూసుకున్న ఇంట్లో ప్రభువు వచ్చి నిలిచాడు, తోమా అక్కడ లేడు. రెండోది ఎనిమిది దినాల తర్వాత. మళ్లీ అదే ఇల్లు, మళ్లీ మూసిన తలుపులు, ఈసారి తోమా ఉన్నాడు. ఈ రెండు దృశ్యాలకు నడుమ ఒక వారం ఉంది. దాని మీద మేము ఇంతవరకు ప్రసంగం విన్న జ్ఞాపకం లేదు. మన సంఘాలు నేర్చుకోవలసింది చాలావరకు ఆ వారంలోనే ఉందని మా అభిప్రాయం.

ఆ వారం ఎలా గడిచి ఉంటుందో ఆలోచించండి. పదిమంది ప్రభువును చూశామంటున్నారు. ఒక్కడు మేకుల గుర్తులు చూసి, వాటిలో వేలు పెట్టి, ఆ ప్రక్కలో చెయ్యి ఉంచితే తప్ప నమ్మనంటున్నాడు. మెత్తగా అన్న మాట కాదది, షరతు పెట్టినట్టే ఉంది. అయినా ఎనిమిదో రోజున అతడు వాళ్ల మధ్యనే కూర్చుని ఉన్నాడు. వాళ్లు అతన్ని గెంటేయలేదు, తానూ లేచి వెళ్లిపోలేదు. నమ్మనివాడితో కలిసి పదిమంది రొట్టె తిన్నారు. నమ్మకం కుదరని ఆ ఒక్కడు, నమ్ముతున్నవాళ్ల సంతోషాన్ని రోజూ చూస్తూ, అది తనది కాలేదన్న బాధతోనే వాళ్లతో ఉండిపోయాడు. పక్కన మరో సంగతి కూడా చూడాలి. ప్రభువును కళ్లారా చూసిన ఆ పదిమంది కూడా రెండో ఆదివారం నాటికి తలుపులు తీయలేదు. నమ్మినవాళ్లకూ ఆ వారమంతా ధైర్యం రాలేదన్నమాట!

అప్పుడు ప్రభువు వచ్చి తోమా పెట్టిన షరతును అతని మాటల్లోనే తిరిగి చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన అక్కడ లేడని తోమా అనుకున్నాడు, కానీ ఆయన విన్నాడు. తోమా నిజంగా వేలు పెట్టాడో లేదో యోహాను రాయలేదు. అతడు యేసును తన ప్రభువుగా, తన దేవుడిగా ఒప్పుకున్నాడని మాత్రం రాశాడు. నాలుగు సువార్తల్లో శిష్యుల నోట ఇంత సూటిగా యేసును దేవుడని పలికిన ఒప్పుకోలు మరొకటి కనిపించదు. సంఘం ఆ వారంలో తోమాను వెలివేసి ఉంటే, ఆ ఒప్పుకోలు వినే భాగ్యం ఆ గదిలో ఉన్నవాళ్లకు దక్కేది కాదు.

ఇక మన సంఘాల సంగతికి వద్దాం. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒక సోదరి లేచి, డాక్టర్లు చెయ్యి దులుపుకున్న తన బిడ్డను ప్రభువు ముట్టి బాగుచేశాడని చెబుతుంది. సంఘమంతా హల్లెలూయ అంటుంది, అనాలి కూడా. అయితే అదే బెంచీలో, నాలుగు నెలల కింద అదే జబ్బుతో బిడ్డను పోగొట్టుకున్న మరో తల్లి ఉండవచ్చు. ఆమె కూడా ఉపవాసం ఉంది, రాత్రంతా ప్రార్థించింది, నూనె రాయించింది. ఆమె సాక్ష్యం చెప్పడానికి మన ఆరాధన క్రమంలో చోటు లేదు. అంతకంటే ఘోరం, పరామర్శకు వెళ్లినవాళ్లలో ఎవరో ఒకరు 'నీ విశ్వాసం ఎక్కడో తగ్గిందమ్మా' అని వచ్చి ఉంటారు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడిపోయారు.

ఆమె మనసులో లేచే ప్రశ్నకు మనం పెట్టిన పేరు 'అవిశ్వాసం'. ఆ పేరు పెట్టాక ఆమెకు మిగిలేవి రెండు దారులు. సంఘానికి రావడం మానేయాలి, లేకపోతే ప్రశ్నను లోపల పూడ్చి పైకి చప్పట్లు కొట్టాలి. రెండో దారిలో వెళ్లేవాళ్లు మన లెక్కల్లో నమ్మకమైన సభ్యులుగానే కనిపిస్తారు. చదువుకోవడానికి పట్నం వెళ్లిన పిల్లలు సెలవులకు ఇంటికొచ్చి కుటుంబ ప్రార్థనలో తలవంచి మౌనంగా కూర్చోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. వాళ్ల మౌనాన్ని భక్తి అనుకుని సంతోషించే తల్లిదండ్రులు ఒకసారి నెమ్మదిగా, గద్దించకుండా, అడిగి చూడాలి.

బాప్తిస్మమిచ్చు యోహానుకు కూడా ఇలాంటి ప్రశ్నే వచ్చింది. యొర్దాను దగ్గర ప్రభువును అందరికంటే ముందు గుర్తుపట్టి చూపించినవాడు, హేరోదు చెరసాలలో పడ్డాక, రాబోవువాడవు నీవేనా, లేక మరొకరి కోసం ఎదురుచూడాలా అని శిష్యుల ద్వారా అడిగించాడు (మత్తయి 11). ప్రభువు ఇచ్చిన జవాబు నిదానంగా చదవాలి. గుడ్డివారు చూపు పొందుతున్నారు, కుంటివారు నడుస్తున్నారు, కుష్ఠరోగులు శుద్ధులవుతున్నారు, చెవిటివారు వింటున్నారు, చనిపోయినవారు లేస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది, వెళ్లి ఇది యోహానుకు చెప్పండి అన్నాడు. ఇవన్నీ యెషయా గ్రంథం వాసన ఉన్న మాటలు. యోహానుకు ఆ గ్రంథం కంఠస్థం అయి ఉంటుంది. యెషయా 61వ అధ్యాయం మొదటి వచనంలో బీదలకు సువర్తమానంతో పాటు చెరలో ఉన్నవారికి విడుదల కూడా ఉంది. ప్రభువు పంపిన జవాబులో ఆ ఒక్క మాట లేదు. చెరసాలలో కూర్చుని వింటున్న మనిషికి ఆ లోటు తెలియకుండా ఉంటుందా?

యోహాను విడుదల కాలేదు. హేరోదు పుట్టినరోజు విందులో అతని తల పళ్లెంలో వచ్చింది. అంటే ప్రభువు అతని సందేహానికి జవాబిచ్చాడు గాని అతని పరిస్థితి మార్చలేదు. తన ఆశీర్వాదాన్ని అతనికి దూరం చేయనూ లేదు. యోహాను శిష్యులు వెళ్లిపోయాక జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవారిలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. సందేహంతో కబురు పంపిన రోజునే యోహానుకు ఆ మెప్పు దక్కింది. మనమైతే ఆ రోజున అతని పేరు ప్రార్థన మనవుల పట్టీలో 'విశ్వాసంలో చల్లారినవారు' కింద రాసి ఉండేవాళ్లం.

సందేహం పుట్టడానికి కష్టం ఒక్కటే కారణం కాదు. వాక్యాన్ని మనం వాడుకునే తీరు కూడా దానికి దారి తీస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో స్థిరపడిన అలవాటు. పళ్లెంలో చెయ్యి పెట్టి తీసిన ఆ చిన్న కార్డు ఏడాదంతా ఫ్రిజ్ తలుపు మీదో, బైబిలు పేజీల మధ్యో ఉంటుంది. దీన్ని వెక్కిరించాలని మా ఉద్దేశం కాదు. వాక్యం ఒక్క ముక్కయినా కళ్లముందు ఉండటం మంచిదే. కానీ ఆ కార్డుల్లో తరచుగా వచ్చే యిర్మీయా 29:11 సంగతి చూడండి. దేవుడు మన విషయమై తలచేది కీడు కాదు, సమాధానం, మంచి భవిష్యత్తు అని అది చెబుతుంది. ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాడికి ఆ కార్డు వస్తే, ఈ ఏడాదే ఉద్యోగం వస్తుందని అర్థం చేసుకుంటాడు. డిసెంబరు వచ్చినా ఉద్యోగం రాకపోతే, వాడి దృష్టిలో మాట తప్పినవాడు దేవుడే.

ఆ వచనానికి ముందున్న వచనం కార్డు మీద ఉండదు. అక్కడ డెబ్బై సంవత్సరాలు అని ఉంది. బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాటలవి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని అంతకు ముందే రాశాడు. అంటే త్వరగా ఇంటికి రారు, అక్కడే బతకడం నేర్చుకోండి అని. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. సరిగ్గా ఒక అధ్యాయం ముందు హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని దేవాలయంలో నిలబడి ప్రకటించాడు. వినడానికి హనన్యా మాటే ఇంపుగా ఉంది. ఆ రోజు 'ఆమేన్' అని గట్టిగా అన్నవాళ్లు కూడా ఎక్కువమందే ఉండి ఉంటారు. యెహోవా పంపింది మాత్రం యిర్మీయానే.

వాగ్దానాన్ని ఉత్తరం నుంచి విడదీసి చదివితే, మనకు తెలియకుండానే హనన్యా మాటను యిర్మీయా పేరు మీద నమ్ముతాం. అది నెరవేరనప్పుడు కలిగే సందేహం నిజానికి దేవుని మీద కాదు, హనన్యా మీద కలగవలసింది. అందుకే కార్డు తీసుకున్నవాళ్లకు మా మనవి ఒక్కటే. ఆ వచనం ఉన్న అధ్యాయమంతా ఆ వారంలోనే ఒకసారి చదవండి, వీలైతే ఇంట్లో అందరూ కూర్చుని చదవండి. ఎవరికి రాశారు, ఏ కష్టంలో రాశారు, ఎంతకాలం ఆగమన్నారు అన్నది తెలిస్తే వాగ్దానం చిన్నదైపోదు. దాని మీద ఎంత బరువు ఆనించవచ్చో తెలుస్తుంది.

మన తెలుగు సంఘ చరిత్రను కూడా మనం కార్డులాగానే చదువుతున్నాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం పొందిన సంగతి బాప్టిస్టు సంఘాల్లో పిల్లలకు కూడా తెలుసు. దానికి ముందరి పాతికేళ్లు తెలిసినవాళ్లు తక్కువ. నెల్లూరులో ఆ మిషను పని ఏళ్ల తరబడి దాదాపు ఫలితం లేకుండానే సాగింది. 1853లో అమెరికాలో అల్బనీ నగరంలో జరిగిన మిషను సభలో, ఈ తెలుగు పని ఇక మూసేయాలా అని గట్టి చర్చ నడిచింది. దూరాన కూర్చున్న పెద్దల సందేహం అన్యాయమైనదేమీ కాదు, లెక్కలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపించేది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు మోకరించారు. జువెట్ దంపతులు, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. ఆ మధ్య పన్నెండేళ్లలో ప్రతి జనవరి 1న వాళ్లకు ఏమనిపించి ఉంటుందో సాక్ష్యాల్లో ఎక్కడా వినం.

ఆ 2222 వెనక మరో సంగతి ఉంది. అంతకు ముందు 1876లో మొదలైన మహా కరువులో జనం గుంపులుగా క్లౌ దగ్గరికి వచ్చి బాప్తిస్మం అడిగారు. కరువు సాయం అందుతున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. వచ్చేది ఆకలా, విశ్వాసమా అన్న ప్రశ్న ఆయనకు ఉంది. ఆ ప్రశ్న అడగడం వల్ల సంఘానికి నష్టం రాలేదు. సాయం ఆగాక కూడా వాళ్లు వచ్చారు.

ఇంతవరకు చదివిన పాఠకుల్లో కొందరికి యాకోబు పత్రిక గుర్తొచ్చి ఉంటుంది. సందేహపడేవాడు గాలికి కొట్టుకుపోయే సముద్ర తరంగం లాంటివాడనీ, అలాంటివాడికి ప్రభువు వల్ల ఏమీ దొరకదనీ అక్కడ ఉంది కదా (1:6–7)? ఉంది, దాన్ని తీసేయలేం. కానీ దానికి ముందు వచనంలోనే, జ్ఞానం కొదువగా ఉన్నవాడు అడగాలనీ, దేవుడు ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడనీ ఉంది. ఆ తర్వాతి వచనంలో యాకోబు ఎవరి గురించి మాట్లాడుతున్నాడో తానే చెప్పాడు, రెండు మనసులవాడు అని. ఒక కాలు ప్రభువు దగ్గర, ఒక కాలు లోకంలో వేసి, ఏది లాభమైతే అటు వాలదామని చూసేవాడు. తోమాకు ఉన్నది ఒకే మనసు, అది గాయపడింది. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం వాక్యానికీ న్యాయం కాదు, మనిషికీ న్యాయం కాదు.

సందేహాలన్నీ మంచివేనని చెప్పడం కూడా మా ఉద్దేశం కాదు. కొన్నిసార్లు మనిషికి జవాబు అక్కరలేదు, ప్రశ్న ఒక సాకు. తప్పుడు లెక్కలు మానుకోవలసి వస్తుందని, తమ్ముడి వాటా తిరిగి ఇవ్వవలసి వస్తుందని బైబిలును అనుమానించేవాళ్లున్నారు. అలాంటి సందేహం వాదించడంతో తీరదు. తేడా కనిపెట్టడానికి మాకు తోచిన ఒక గుర్తు ఉంది. నిజమైన సందేహం దేవుణ్ణే అడుగుతుంది. అబ్రాహాము తనకు కలిగిన వాగ్దానం ఎలా తెలుసుకోవాలని దేవుణ్ణే అడిగాడు (ఆదికాండము 15:8), దేవుడు నిబంధన చేసి జవాబిచ్చాడు. జెకర్యా కూడా అడిగాడు, మూగవాడయ్యాడు. అది శిక్షే. అయినా వాగ్దానం వెనక్కి పోలేదు, యాజక సేవ దినాలు ముగిసేదాకా అతడు దేవాలయంలోనే ఉన్నాడు, కొడుకు పుట్టాడు.

మార్కు సువార్త 9వ అధ్యాయంలోని తండ్రి మనకు మరింత దగ్గరివాడు. కొడుకుకు చిన్నతనం నుంచి మూర్ఛలాంటి బాధ, నిప్పులో పడతాడు, నీళ్లలో పడతాడు. శిష్యుల దగ్గరికి తెచ్చాడు, వాళ్ల వల్ల కాలేదు. పైగా వాళ్ల చుట్టూ శాస్త్రుల వాదన, గుమిగూడిన జనం. సేవకుల దగ్గరికి ఆశతో వచ్చి భంగపడినవాడు ప్రభువును కూడా 'నీ వల్ల ఏమైనా అయితే' అనే అడుగుతాడు, అది సహజం. ప్రభువు ఆ మాటను పట్టుకుని నిలదీశాక, ఆ తండ్రి నమ్ముతున్నానని కేకవేస్తూనే, తనలోని అపనమ్మకానికి కూడా సాయం చేయమన్నాడు. ఆ రెండో సగాన్ని దాచిపెట్టలేదు. అపనమ్మకం పూర్తిగా పోయాక రమ్మని ప్రభువు అనలేదు. కొడుకును బాగుచేసి చెయ్యి పట్టి లేపాడు. మన ప్రార్థనల్లో మొదటి సగమే వినిపిస్తుంది. రెండో సగం కూడా నోటితో పలకడం రోజూ కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవచ్చు, ముందు ఒంటరిగా, తర్వాత నమ్మకమైన ఒకరిద్దరి ఎదుట.

దానికి మాటలు దొరకనివాళ్లకు కీర్తనల గ్రంథం ఉంది. మనం 23, 91, 121 కీర్తనలను అరిగిపోయేలా చదివి మిగతావాటిని దాటేస్తాం. వరసగా చదివితే 73వ కీర్తనలో ఆసాపు ఎదురవుతాడు. భక్తిహీనులు బాగుపడటం చూసి తన కాళ్లు దాదాపు జారాయని ఒప్పుకుంటాడు. తన హృదయాన్ని శుద్ధి చేసుకోవడం వృథా అనుకున్నాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేదాకా అతనికి ఆ సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్దామని ఆగి ఉంటే ఎప్పటికీ వెళ్లేవాడు కాదు. 88వ కీర్తన ఇంకా కఠినం. అందులో చివరికి వెలుగు రాదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా అది బైబిల్లో ఉంది, దేవుని ప్రజలు ఆరాధనలో పాడుకోవడానికి ఇచ్చినదే. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లికి మన ఆరాధన క్రమంలో చోటు లేకపోయినా, బైబిలు ఈ కీర్తనలో చోటు ఉంచింది. ఏడాదికి ఒక ఆదివారమైనా దాన్ని బిగ్గరగా చదివించమని కాపరులను వేడుకుంటున్నాం. ప్రసంగం అక్కర్లేదు, చదివి కొంతసేపు నిశ్శబ్దంగా ఉంటే చాలు.

సందేహంలో ఉన్నవారి మీద కనికరం చూపమని యూదా తన చిన్న పత్రిక చివర్లో సంఘానికి ఆజ్ఞాపించాడు (22వ వచనం). వాళ్లతో వాదించి గెలవమని కాదు. ఆ కనికరం మన సంఘాల్లో ఎలా ఉండాలన్నది ప్రతి సంఘం తనంతట తాను తేల్చుకోవాలి. పరామర్శకు వెళ్లినప్పుడు ఏం చెప్పకూడదో స్త్రీల సమాజం వాళ్లు ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవచ్చు. యవ్వనస్థుల కూటంలో పేరు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు అడగనివ్వవచ్చు. వాటిలో సగానికి కాపరి దగ్గర వెంటనే జవాబు ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. సాక్ష్యాల సమయంలో, ఇంకా జవాబు రాని ప్రార్థన గురించి చెప్పాలనుకున్నవారికి కూడా మైకు ఇవ్వవచ్చు.

తోమాతో మాట్లాడిన వెంటనే, చూడకుండా నమ్మేవారు ధన్యులని ప్రభువు అన్నాడు. ఆ తర్వాత రెండు వచనాలకే, ఈ సంగతులు మీరు నమ్మడానికి రాయబడ్డాయని యోహాను చెబుతాడు. మేకుల గుర్తులు చూసే అవకాశం మనకు లేదు, వాటి బదులు మన చేతికి వచ్చింది ఈ పుస్తకమే. ఆ గుర్తులను తోమా ఎంత దగ్గరగా చూడాలనుకున్నాడో, మనం ఈ పుస్తకాన్ని అంత దగ్గరగా, ప్రశ్నలతో సహా చదవవచ్చు.

మత్తయి సువార్త చివర్లో పదకొండుమంది శిష్యులు గలిలయలోని కొండ మీద ప్రభువును చూసి మొక్కారు. అదే వచనంలో, కొందరు సందేహించారని కూడా మత్తయి రాశాడు (28:17). ఆ కొందరెవరో చెప్పలేదు. ప్రభువు వాళ్లను పక్కకు నిలబెట్టలేదు, సందేహం తీరాక రమ్మనలేదు. సమస్త జనులను శిష్యులుగా చేయమన్న ఆజ్ఞ ఆ కొండ మీదే, ఆ పదకొండుమందికీ కలిపే ఇచ్చాడు.